సఫ్‌ల నడుమ ఖాళీ: కోవిడ్ టీకా, నిరోధకశక్తి, ఆంక్షల సడలింపు

2021 అక్టోబరు 17వ తేదీన మక్కాలోని మస్జిదె హరామ్‌లో, దాదాపు ఏడాదిన్నర అనంతరం, నమాజు చేయువారు మళ్లీ భుజానికి భుజం ఆనించి నిలబడినారు. దూరం పాటించుటకై నేల మీద అతికించిన గుర్తులను సిబ్బంది తొలగించినారు. మాస్కు ఉండవలెననీ, టీకా రెండు మోతాదులు పూర్తయి ఉండవలెననీ పెట్టిన షరతులు మాత్రం కొనసాగినవి. ఆ తర్వాత డెబ్భై నాలుగవ రోజున, అనగా డిసెంబరు 30న, ఒమిక్రాన్ వ్యాప్తి కారణంగా సఫ్‌ల నడుమ దూరం తిరిగి విధించబడినది. 2022 మార్చి మొదటి వారంలో అదీ తొలగిపోయినది.

ఈ మూడు తేదీలను చూచి మనవారు రెండు విధాలుగా మాట్లాడినారు. "టీకా పనిచేసినచో దూరం మళ్లీ ఎందుకు వచ్చినది? అంటే టీకాలో ఏమీ లేదన్నమాట" అని కొందరు. "సఫ్‌లో ఖాళీ విడువరాదని ప్రవక్త ఆదేశం ఉండగా దూరం పెట్టుటే తప్పు, పెట్టినది తీసివేసి, తీసివేసినది మళ్లీ పెట్టుట ధర్మంతో ఆటలాడుట కాదా?" అని మరికొందరు. మొదటి మాట వైద్యశాస్త్రానికి సంబంధించినది, రెండవది ఫిఖహ్‌కు సంబంధించినది. అయినను రెండింటి వెనుక ఒకే అపోహ కలదు: ఒక ఉపాయం సత్యమైనదైతే అది సంపూర్ణమై, మార్పులేనిదై ఉండవలెననుట. ఈ వ్యాసంలో ఆ అపోహనే పరిశీలింపదలచినాను. అందుకు ముందు నా స్వంత పొరపాటు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది.

ఒక మాట అనువాదం

2021 ఏప్రిల్‌లో, రమజాను రాకముందు, సౌదీ ప్రభుత్వం ఉమ్రాకు, హరమ్‌లో నమాజుకు మూడు తరగతుల వారిని అనుమతించునట్లు ప్రకటించినది. టీకా రెండు మోతాదులు పొందినవారు, ఒక మోతాదు పొంది పధ్నాలుగు రోజులు గడచినవారు, వ్యాధి సోకి కోలుకొన్నవారు. ముగ్గురికీ అరబ్బీలో పెట్టిన పేరు ఒకటే, "ముహస్సన్". మా పేట మస్జిదు కమిటీవారు ఆ ప్రకటనను తెలుగులో వ్రాసి గోడకు అంటించమని నన్ను కోరినారు. నేను తొందరలో "ముహస్సన్ అనగా రోగం సోకనివాడు" అని వ్రాసితిని.

ఆ కాగితాన్ని చదివిన ఒక పెద్దాయన, అరవై దాటినవారికి టీకా మొదలైన మార్చి నెలలోనే కోవిషీల్డ్ మొదటి మోతాదు వేయించుకొన్నవారు, తనకు పధ్నాలుగు రోజులు గడచినవి గనుక ఇక భయం లేదనుకొన్నారు. తరావీహ్ తొలి రాత్రులలో మాస్కు తీసివేసి ముందు సఫ్‌లో నిలబడినారు. పదవ రోజా నాటికి జ్వరం, పన్నెండవ రోజా నాటికి ఆసుపత్రి. అల్లాహ్ దయవలన పన్నెండు రోజుల తర్వాత ఇంటికి చేరినారు. నేను పరామర్శకు వెళ్లి నా పొరపాటు ఒప్పుకొన్నప్పుడు ఆయన అన్న మాట: "మౌల్వీ సాబ్, మీ తెలుగు బాగానే ఉన్నది. ఆ రోగానికే తెలుగు వచ్చినట్లు లేదు."

"ముహస్సన్" అను మాటకు మూలం "హిస్న్", అనగా కోట. ముహస్సన్ అంటే కోట కట్టబడినవాడు. (హరకత్ లేకుండా వ్రాసినచో ఇదే మాటను "ముహ్సన్" అనికూడ చదువవచ్చును; ఫిఖహ్ గ్రంథాలలో దానికి వివాహితుడు, శీలవంతుడు అను అర్థాలున్నవి. మద్రసాలో చదివినవారు కొందరు ఈ ప్రకటన చూచి క్షణకాలం తికమకపడిన మాట నిజం.) కోట ఉన్నవానిపైకి శత్రువు రాడని ఎవరూ అనరు. శత్రువు ప్రాకారం దాకా రావచ్చును, ఒక బురుజు పడగొట్టనూవచ్చును; లోపలి నివాసం మాత్రం నిలుచును. ఆ మాటలో ఉన్నంత జాగ్రత్త నా తెలుగులో లేకపోయినది.

కోట ఎంతవరకు?

టీకా గానీ, వ్యాధి గానీ శరీరానికి ఇచ్చు రక్షణ ఒకే పొర కాదు. రక్తంలో తయారగు ప్రతిదేహాలు మొదటి కావలి. ఇవి కొన్ని నెలలలో తగ్గిపోవును. ఆ క్రిమిని గుర్తుంచుకొను జ్ఞాపక కణాలు రెండవ కావలి. ఇవి చాలకాలం ఉండును గానీ, క్రిమి ప్రవేశించిన పిదప మేల్కొనుటకు కొన్ని రోజులు పట్టును. చేతికి వేసిన సూది వలన రక్తంలోని రక్షణ బలపడినంతగా ముక్కు, గొంతు పొరలలోని రక్షణ బలపడదు. కాబట్టి టీకా పొందినవాడు కూడ ముక్కులో క్రిమిని మోయవచ్చును, పక్కవానికి అంటించవచ్చును. ఊపిరితిత్తులు దెబ్బతిని మరణించు ప్రమాదం మాత్రం బాగా తగ్గును. వ్యాధి సోకుట, వ్యాధి ముదురుట అను రెండింటిని వేరుచేసి చూడకపోవుటయే బహిరంగ చర్చలలోని సగం కలహానికి మూలం.

2021 మే నెలలో ఇంగ్లాండు ప్రజారోగ్య శాఖ ప్రకటించిన లెక్క ప్రకారం, డెల్టా రకంపై ఒక మోతాదు మాత్రమే పొందినవారికి లక్షణాలతో కూడిన వ్యాధి నుండి కలిగిన రక్షణ 33 శాతం. రెండు మోతాదుల తర్వాత ఆస్ట్రాజెనెకా టీకాతో (మన కోవిషీల్డ్ అదే) 60 శాతం, ఫైజర్‌తో 88 శాతం. మా పెద్దాయన నిలబడినది ఆ 33 శాతం నీడలో. సౌదీ అధికారులు కూడ 2021 అక్టోబరు 10 నుండి ఒక మోతాదును చాలదనినారు. 2022 ఫిబ్రవరి 1 నుండి, రెండవ మోతాదు వేసుకొని ఎనిమిది నెలలు గడచినవారికి మూడవది ఉండవలెననినారు. మాట మార్చినారని నిందించినవారున్నారు. క్రిమి మారినది, రక్షణ తగ్గినది. లెక్క మారకుండుట ఎట్లు?

ఇచటనే మరొక చిక్కు. "ఆసుపత్రిలో ఉన్నవారిలో ఎక్కువమంది టీకా వేసుకొన్నవారే" అను వార్త 2021 ఉత్తరార్ధంలో పలు దేశాలలో వినవచ్చినది, అది కొన్నిచోట్ల నిజం కూడ. ఒక ఊహాలెక్క వేద్దాము. ఒక జుమా మస్జిదులో వెయ్యిమంది ఉన్నారనుకొనండి. తొమ్మిదివందల మంది టీకా వేసుకొన్నారు, నూరుమంది వేసుకొనలేదు. వేసుకొనని ప్రతి నూరుమందిలో పదిమందికీ, వేసుకొన్న ప్రతి నూరుమందిలో ఇద్దరికీ రోగం ముదిరినదనుకొందాము. అప్పుడు ఆసుపత్రిలో చేరు టీకా లేనివారు పదిమంది, టీకా ఉన్నవారు పద్ధెనిమిది మంది. మంచాలు లెక్కించినవాడు టీకా వలననే రోగమనును. మస్జిదును లెక్కించినవాడు మాత్రం ప్రమాదం అయిదింట ఒక వంతుకు తగ్గినదని చెప్పును. ఊరిలో టీకా పొందినవారి సంఖ్య పెరుగుకొలదీ ఆసుపత్రిలోను వారి సంఖ్య పెరుగుట సహజమే.

"మంద" అను మాట

ఆంగ్లంలో నుండి అరబ్బీలోకి "మనాఅతుల్ ఖతీఅ" అని యథాతథంగా వచ్చిన పదం ఒకటి కలదు. ఖతీఅ అంటే మంద, గొర్రెల మంద. దానిని తెలుగులో "మంద నిరోధకత" అని వ్రాయగా ఒక మిత్రుడు "మమ్ములను గొర్రెలంటారా?" అని కోపగించినాడు. అప్పటినుండి "సామూహిక నిరోధకత" అని వ్రాయుచున్నాను. పేరు ఏదైనను విషయమిది: రోగి ఒక్కడు సగటున ముగ్గురికి అంటించు క్రిమి అయినచో, ఆ ముగ్గురిలో ఇద్దరికి ముందే రక్షణ ఉంటే రోగం ఒకరి నుండి ఒకరికే పోవును, క్రమంగా చల్లారును. అనగా మూడింట రెండు వంతుల మందికి రక్షణ చాలును. ఆరుగురికి అంటించు క్రిమి అయినచో ఆరింట అయిదు వంతులు కావలెను. మొదట వచ్చిన కరోనా మొదటి లెక్కకు, డెల్టా రెండవదానికి దగ్గర. రక్షణయే సోకకుండా పూర్తిగా ఆపలేనప్పుడు, నూటికి నూరుమంది టీకా పొందినను ఆ గీత దాటకపోవచ్చును.

ఈ రక్షణను టీకాతో కాక రోగంతోనే సంపాదింపవచ్చును గదా అను వాదం 2020 అక్టోబరు 4న "గ్రేట్ బారింగ్టన్ ప్రకటన" పేరిట వెలువడినది. హార్వర్డ్‌కు చెందిన మార్టిన్ కుల్డార్ఫ్, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సునేత్రా గుప్తా, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జయ్ భట్టాచార్య దీనిని వ్రాసినారు. వృద్ధులను, బలహీనులను కాపాడుచు తక్కినవారిని మామూలుగా బ్రతుకనివ్వవలెననుట దీని సారం. పది రోజులకే "జాన్ స్నో మెమోరాండం" పేరిట ఇతర శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో దీనిని ఖండించినారు. మొదటివారిని హంతకులనీ, రెండవవారిని నియంతలనీ తిట్టినవారు చాలమంది. ఇద్దరి వాదాన్ని చదివినవారు కొద్దిమంది. నా మట్టుకు, ఆ ప్రకటన పాఠశాలల మూత వలన, కూలిపని పోవుట వలన పేదలకు కలిగిన నష్టాన్ని గుర్తుచేయుట న్యాయమే. కానీ తాత, కొడుకు, మనుమడు ఒకే గదిలో పడుకొను మన ఇండ్లలో "వృద్ధులను వేరుగా కాపాడుట" ఎట్లో అందులో లేదు.

బ్రెజిల్ దేశపు మనౌస్ నగరం ఈ చర్చకు తగిన ఉదాహరణ. 2020 అక్టోబరు నాటికి ఆ నగరంలో 76 శాతం మందికి రోగం సోకి పోయినదని రక్తదాతల పరీక్షల ఆధారంగా అంచనా వేసినారు. ఇక అక్కడ భయం లేదనుకొన్నారు. 2021 జనవరిలో కొత్త రకం వచ్చి, ఆక్సిజను లేక జనం ఆసుపత్రులలో మరణించినారు. మన దేశంలో నాలుగవ సీరో సర్వే 2021 జూన్, జులై నెలలలో 67.6 శాతం మందిలో ప్రతిదేహాలు కనుగొన్నది. అంత రక్షణ చేకూరుటకు మనం చెల్లించిన మూల్యంలో ఎక్కువ భాగం ఆ ఏప్రిల్, మే నెలలలోనిది. ఖబరస్తాన్లలో ఆ రోజులు చూచినవారికి నేను వివరింపనక్కరలేదు. రోగం వలన వచ్చు రక్షణ అబద్ధం కాదు. సౌదీ ప్రకటన కూడ దానిని లెక్కలోకి తీసుకొన్నది. అది ఉచితమన్నదే అబద్ధం.

కారణం, ఆదేశం

హిజ్రీ 18వ సంవత్సర ప్రాంతంలో సిరియా ప్రాంతాన అమ్వాస్ ప్లేగు వచ్చినది. హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ వరకు వచ్చి, ముహాజిర్లను, అన్సార్లను, ఖురైషు పెద్దలను వరుసగా సంప్రదించి, వెనుదిరుగ నిశ్చయించినారు. దైవ నిర్ణయం నుండి పారిపోవుచున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక దైవ నిర్ణయం నుండి మరొక దైవ నిర్ణయంలోకే పోవుచున్నామని సమాధానమిచ్చినారు. ఆ పిమ్మట హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, రోగమున్న ఊరికి పోరాదనీ, ఉన్న ఊరినుండి పారిపోరాదనీ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) చెప్పగా తాను విన్నట్లు తెలిపినారు. ఈ సంఘటన మన వ్యాసాలలో తరచుగా వచ్చునదే. అందులో ఒక అంశాన్ని మాత్రం మనం గమనింపము: ఆ సభలో సహాబీలు భిన్నాభిప్రాయాలు వెల్లడించినారు, ఎవరినీ ఎవరూ విశ్వాసహీనులనలేదు.

హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మతుల్లాహి అలైహి) ప్లేగు గురించి "బజ్లుల్ మాఊన్" అను గ్రంథం రచించినారు. ఆయన ముగ్గురు కుమార్తెలు ప్లేగులోనే మరణించినారు. హిజ్రీ 833లో కైరోలో రోజుకు నలుబదికి లోపుగా మరణాలున్న సమయాన జనం ఉపవాసాలుండి, ఎడారిలోకి సామూహికంగా వెళ్లి దుఆ చేయగా, ఆ నెల ముగియకముందే మరణాలు రోజుకు వెయ్యి దాటినట్లు ఆయన నమోదు చేసినారు. ప్లేగు కోసం అట్లు ప్రత్యేకంగా గుమిగూడుటను ఆయన సమర్థింపలేదు. దుఆ పట్ల గౌరవం, కంటితో చూచినదాని పట్ల నిజాయితీ ఒకే కలంలో ఇమడగలవని దీనివలన తెలియుచున్నది.

ఇక సఫ్‌ల విషయం. సఫ్‌లు ఆనుకొని నిలుచుట నమాజు శోభ, గట్టిగా తాకీదు చేయబడిన విషయం. విడివిడిగా నిలుచుట అయిష్టకరం. కానీ నమాజు చెల్లకపోదు. అవసరం ఏర్పడినప్పుడు అయిష్టత తొలగునని ధర్మవేత్తలు చెప్పినారు. అట్లే ఒక సాకు వలన ధర్మసమ్మతమైనది ఆ సాకు తొలగగానే చెల్లకుండపోవుననీ, అవసరం మేరకే దానిని వాడుకొనవలెననీ చెప్పు సూత్రాలు ఉస్మానియా ప్రభుత్వపు "మజల్లా" న్యాయస్మృతిలో మొదటి పుటలలోనే ఉన్నవి. కాబట్టి ఖాళీ పెట్టుట, తీయుట, మళ్లీ పెట్టుట ధర్మంతో ఆట కాదు. కారణం వచ్చినప్పుడు ఆదేశం వచ్చినది, అది పోయినప్పుడు ఇది పోయినది.

అసలు కష్టం తర్వాత ఉన్నది. ఆ కారణం ఏమిటి? రోగం సోకుటయే కారణమైనచో ఆంక్షలు ఎన్నటికీ తొలగవు, ఎందుకనగా ఆ క్రిమి ఇప్పటికీ మన మధ్యనే ఉన్నది. మరణాలు, నిండిపోయిన ఆసుపత్రులు కారణమైనచో, టీకా ఆ కారణాన్ని బలహీనపరచినది గనుక సడలింపు న్యాయమే. 2021 జులై 19న ఇంగ్లాండు ప్రభుత్వం చాల ఆంక్షలను ఒక్కసారిగా ఎత్తివేసినప్పుడు జరిగిన వాదం ఇదే. వందమందికి పైగా శాస్త్రజ్ఞులు లాన్సెట్‌లో లేఖ వ్రాసి అది ప్రమాదకర ప్రయోగమన్నారు. రోజుకు లక్ష కేసులు రావచ్చునని ఆరోగ్యమంత్రియే అన్నారు. ఆ వేసవిలో అట్లు జరుగలేదు. అయితే ప్రభుత్వం అనుకొన్నట్లు తిరుగులేని విముక్తి కూడ జరుగలేదు. నవంబరు 30న దుకాణాలలో, బస్సులలో మాస్కు మళ్లీ తప్పనిసరి అయినది. ఉభయులకూ కొంత వినయం నేర్పిన సంవత్సరమది.

కారణం అందరికీ ఒకేసారి తొలగదు. మూత్రపిండం మార్పిడి జరిగి, శరీరపు రక్షణను అణచు మందులు వాడువారికి టీకా రెండు మోతాదులైనను చాలినంత ఫలితమివ్వలేదు. మస్జిదులో దూరపు గుర్తులు చెరిపివేసిన తర్వాత అట్టివాడు ఇంట్లో నమాజు చేసుకొన్నచో అతనిని జమాఅత్‌ విడిచినవాడని నిందింపరాదు. అతని సాకు తొలగలేదు. మా మస్జిదులో వెనుక కిటికీ దగ్గర నాలుగు స్థానాలు అట్టివారికై దూరదూరంగా ఉంచినాము. కమిటీలో దీనిపై వాగ్వాదం జరుగకపోలేదు.

హలాల్ ప్రశ్న, అపనమ్మకం

టీకాలో పంది సంబంధ పదార్థమున్నదా అను ప్రశ్న సమంజసమైనది. దానిని అజ్ఞానమని పరిహసించినవారు తొందరపడినారు. కొన్ని పాత టీకాలలో పంది జెలటిన్ నిజంగానే వాడబడుచున్నది. ఫైజర్, మోడర్నా, ఆస్ట్రాజెనెకా సంస్థలు తమ కోవిడ్ టీకాలలో పంది పదార్థం లేదని తెలిపినవి. ఇండోనేషియా ఉలమా మండలి 2021 జనవరిలో సైనోవాక్ టీకాను హలాల్ అన్నది. మార్చిలో ఆస్ట్రాజెనెకా తయారీలో పంది నుండి తీసిన ఒక పదార్థం వాడినారని భావించి, హరామే గానీ అత్యవసరం వలన అనుమతింపదగినదన్నది. ఆ సంస్థ మాత్రం దానిని కాదన్నది. యు.ఎ.ఇ. ఫత్వా మండలి 2020 డిసెంబరులోనే, జెలటిన్ ఉన్నను వేరు మార్గం లేనిచో అనుమతి కలదన్నది. దారి వేరైనను ముగ్గింపు ఒకటే.

అపనమ్మకానికి వేరే కారణాలున్నవి, వాటిని దాచుట మంచిది కాదు. 2011లో పాకిస్తాన్‌లోని అబ్బొత్తాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ బూటకపు హెపటైటిస్ టీకా కార్యక్రమం నడిపించినది. దాని ఫలితం పోలియో చుక్కలు వేయు అమాయక స్త్రీలు అనుభవించినారు. మన దేశంలో 2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ పేర ఒక సమాజాన్నే రోగవాహకులుగా చిత్రించినారు. తబ్లీగీ విదేశీయులను బలిపశువులను చేసినారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ ఆగస్టులో చెప్పి కేసులు కొట్టివేసినది. అవమానింపబడినవాని ఇంటి తలుపు తట్టి సూది చూపినచో అతడు సందేహించుటలో వింత లేదు. టీకా వలని నష్టం గురించి కూడ ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఆస్ట్రాజెనెకా టీకా వలన అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టు వ్యాధి వచ్చునని 2021 ఏప్రిల్ 7న ఐరోపా ఔషధ సంస్థ అంగీకరించినది. అదే రోజున బ్రిటన్ ముప్పై ఏండ్లలోపు వారికి వేరే టీకా సూచించినది. ఈ నిజం దాచినవారు టీకాకు మేలు చేయలేదు.

బలవంతం సంగతి మన సుప్రీంకోర్టు 2022 మే 2న తేల్చినది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయి ధర్మాసనం, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొనమనరాదనీ, అయితే ఇతరుల ఆరోగ్యం దృష్ట్యా తగినంత మేరకు ఆంక్షలు విధించు హక్కు ప్రభుత్వానికున్నదనీ, కేసులు తక్కువగా ఉన్న ఆనాటి స్థితిలో టీకా లేనివారిపై ఆంక్షలు తగవనీ చెప్పినది. తీర్పు చదువుచున్నప్పుడు మద్రసాలో విన్న హాని నివారణ సూత్రమే మరొక భాషలో చదువుచున్నట్లు తోచినది.

హజ్ దారి

ఆంక్షల భారం ఎవరిపై పడినదో హజ్ లెక్కలు చూచినచో తెలియును. 2019లో దాదాపు ఇరవై అయిదు లక్షలమంది హాజీలు. 2020లో సౌదీలో నివసించువారిలో నుండి సుమారు వెయ్యిమందికి అనుమతి అన్నారు. 2021లో, టీకా పొందిన అక్కడి నివాసులు అరవైవేలమంది. 2022లో పది లక్షలమంది, కానీ అరవై అయిదేండ్లలోపు వారు మాత్రమే. వయసు పరిమితి లేని హజ్ 2023లో తిరిగి వచ్చినది. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి, అరవై దాటిన తర్వాత దరఖాస్తు పెట్టుకొను మన రైతులకు, చిన్న వ్యాపారులకు ఆ 2022 నిబంధన ఎంత పెద్ద దెబ్బ! ఈ నిరీక్షణలో మరణించినవారికి హనఫీ ఫిఖహ్ ప్రకారం మార్గమున్నది: హజ్ విధియైనవారు వీలునామా చేసియున్నచో, ఆస్తిలో మూడవ వంతు నుండి హజ్జె బదల్ చేయించవలెను. ఇది తెలియక వీలునామా వ్రాయకపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

మా పెద్దాయన దరఖాస్తు కూడ 2022లో వయసు కారణంగా పోయినది. 2023లో పేరు వచ్చినది. ప్రయాణానికి ముందు హాజీలకు మెనింజైటిస్ టీకా వేసినారు. 1987 హజ్‌లో ఆ వ్యాధి వ్యాపించినప్పటి నుండి ఆ టీకా తప్పనిసరి. 2000, 2001 సంవత్సరాలలో వేరొక రకం తలయెత్తగా, 2002 నుండి నాలుగు రకాలకు పనిచేయు టీకా విధించినారు. దానిపై మన పేటలో ఎన్నడూ సభ జరుగలేదు, కరపత్రం రాలేదు. ఆయన ఆ కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇందులో ఏమున్నది మౌల్వీ సాబ్? ఈసారి నిదానంగా చదవండి" అన్నారు. నాలుగు రకాల పేర్లు, వేసిన తేదీ చదివి వినిపించి, ఈ రోగం వచ్చు అవకాశం బాగా తగ్గును గానీ జ్వరం, మెడ పట్టివేత కనిపించినచో వెంటనే డాక్టరుకు చెప్పవలెనని కార్డు వెనుక తెలుగులో వ్రాసి ఇచ్చితిని. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదువుకొని, జేబులో పెట్టుకొన్నారు.